తొంభై అయిదు కిలోల స్ప్రింగు

న్యూటన్ స్టీవర్ట్
ఫిబ్రవరి 8, 2004

మామయ్యకి,

ఈ పార్సిల్లో ఉన్నది మెర్విన్ రేసు బైకు వెనక షాక్ అబ్జార్బరు. నేనే విప్పాను. బోల్టులు ఏమీ మొరాయించలేదు. నిరుడు ఈస్టరుకి మీ తండ్రీకొడుకులు బిగించినవే కదా, మీరు గ్రీజు రాయకుండా బోల్టు బిగించడం నేనెప్పుడూ చూడలేదు. షాక్ తీసేశాక బండి వెనక భాగం నిలబడదు కాబట్టి షెడ్డు దూలానికి తాడేసి వేలాడదీశాను.

మీ ఊరి క్లబ్బు నుంచి హెర్బీ ఉత్తరం రాశాడు. జులైలో బాలిగారన్ రేసు మొదలయ్యే ముందు రోడ్డు మూసేసి, పోయినవాళ్ల పేరు మీద ఒక చుట్టు తిప్పుతారు కదా, ఈ ఏడు అది మెర్విన్ పేరు మీదట. ఆయన బండి మీద నేను అందరికంటే ముందు వెళ్లాలట. సరేనని రాసేశాను. కాదంటే ఎందుకో చెప్పాలి. అంత ఓపిక లేదు.

షాక్ విప్పకముందు ఒకసారి ఎక్కి కూర్చుని చూశాను. బండి కుంగలేదు. కాలి మునివేళ్లు మాత్రమే నేలకి ఆనాయి. నేను ఎక్కినట్టు దానికి తెలిసినట్టే లేదు. అందులో ఉన్నది మెర్విన్ తొంభై అయిదు కిలోల బరువుకి వేసిన స్ప్రింగు కదా. అది తీసేసి నాకు తగ్గది వెయ్యండి. ఇలాగే నడిపితే మొదటి గుంటలోనే నన్ను కంచెలోకి విసిరేస్తుంది, అప్పుడు హెర్బీకి వచ్చే ఏడాదికి కూడా ఒక పేరు దొరుకుతుంది.

షాకులు పంపే మీ గిరాకీలందరూ జతచేసే చీటీ నేనూ రాస్తున్నాను. నడిపే మనిషి బరువు: తోలు సూటు, హెల్మెట్టు, బూట్లు కలిపి అరవై ఆరు కిలోలు. రోడ్డుకా, ట్రాకుకా: తెలియదు.

ఇక్కడ అంతా మామూలే. నిద్ర పడుతోంది. తింటున్నాను. ఎలా ఉన్నావంటే పర్లేదంటున్నాను, అది అబద్ధం కూడా కాదు. లోపల ఏమీ లేదు, అంతే.

మీ కోడలు
లోర్నా


బాలిగారన్
ఫిబ్రవరి 23

అమ్మాయి లోర్నాకి,

పార్సిలు చేరింది. పోస్టు మనిషి తలుపు ఎంతసేపు కొట్టాడో ఏమో, చివరికి కిటికీ దగ్గరికొచ్చి రెండు చేతులూ ఊపాడు. ఫోను పెట్టించుకోమని మా చెల్లెలు హేజెల్ వారానికోసారి పోరుతుంది. సైలెన్సర్లు పీకేసిన బండ్ల పక్కన నలభై ఏళ్లు నిలబడ్డ చెవులివి, నాకు ఫోను చెయ్యడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. పైగా పోస్టు మనిషికీ ఏదో ఒక పని ఉండాలి.

షాక్ విప్పి చూశాను. నూనె స్టౌటు బీరులా నల్లబడింది, గ్యాసు సగానికి సగం పోయింది. సీళ్లు కూడా మారుస్తాను. చాలామంది స్ప్రింగే గొప్పనుకుంటారు. మనిషిని మోసేది స్ప్రింగే, నిజమే, కానీ దాన్ని అదుపులో పెట్టేది నూనె. నూనె చస్తే బండి ఒక గుంటలో పడి లేచి, మళ్లీ పడి మళ్లీ లేచి, తర్వాతి గుంట వచ్చేదాకా ఊగుతూనే ఉంటుంది.

రోడ్డుకా ట్రాకుకా అంటే తెలియదని రాసిన మొదటి గిరాకీవి నువ్వే. నీకు తెలియకపోవడమేమిటి, నాలుగు వేసవులు నువ్వూ ట్రాకు మీద తిరిగినదానివే. ట్రాకు అన్నం పళ్లెంలా ఉంటుంది, అక్కడ గట్టిగా ఉన్న బండి మలుపులో మాట వింటుంది. మా బాలిగారన్ రోడ్డు బంగాళాదుంపల చాళ్లే. అక్కడ గట్టిగా ఉంటే చక్రం నేల వదిలేసి గాల్లో తిరుగుతుంది. డెయిరీ దగ్గర ఎత్తు గుర్తుంది కదా, మావాడు ఏటా అక్కడ రెండు చక్రాలూ లేపేవాడు, దిగాక నా వంక చూసేవాడు. నేను రోడ్డుకే చేస్తున్నాను.

ఒక ముచ్చట చెప్పాలి. క్లబ్బు సమావేశంలో ఎవడో లేచి, "ఆ చుట్టు రోడ్డు మీద పోయినోళ్లకి గదా. ఈయన ఇటొచ్చే ఓడ కోసం లైన్లో, వ్యానులో కూచుని పోయాడాయె" అన్నాడట. హెర్బీ ఊరుకోలేదట. "ఇరవై రెండేళ్లు మన కంచెల మధ్య తిరిగాడు. ఒక్కసారి కూడా చావలేదని ఇప్పుడు లెక్కలోంచి తీసేద్దామంటావా?" అని అడిగాడట. ఇదంతా హెర్బీ నాకు కాగితం మీద రాసి చూపించాడు. నేను నవ్వాను. హేజెల్‌కి కోపం వచ్చి సూపు గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది.

రేసుల వాళ్లు ఎవరు కలిసినా ఏ మలుపులో పోయాడని అడుగుతారు. "కెయిర్న్‌ర్యాన్ రేవు, నాలుగో లైను" అంటాను. ఆ మొహాలు చూడాలి నువ్వు.

నీ మామయ్య
విల్బర్ట్


బాలిగారన్
మార్చి 19

లోర్నాకి,

ఇవాళ షాక్ పోస్టులో వేశాను. నూనె, సీళ్లు, గ్యాసు అన్నీ కొత్తవి. స్ప్రింగు మార్చాను. దాని గురించి రాయడానికి అంతకంటే ఏమీ లేదు.

ముందు చక్రం ఫోర్కుల్లో నూనె నువ్వే మార్చుకో, అది నీకు వచ్చిన పనే. పైన మరలు రెండూ పూర్తిగా వదులు చెయ్యి, నీ బరువుకి అది చాలు.

బిగించాక, నువ్వెక్కితే బండి ఎంత దిగుతుందో ఆ కుంగుడు కొలవడం మరిచిపోకు. ఒక్కదానివే కొలవలేవు, సీటు మీద ఒకరుండాలి, టేపు పట్టుకుని ఒకరుండాలి. మన షెడ్డులో అయితే మావాడు ఎక్కేవాడు, నువ్వు కొలిచేదానివి, నేను హ్యాండిలు పట్టుకునేవాడిని. ఇప్పుడు ఎవరినైనా పిలుచుకో.

డబ్బాలో ఖాళీ లేకుండా హేజెల్ ఒక ఫ్రూట్ కేకు కుక్కింది. పోస్టులో షాక్ అటూ ఇటూ దొర్లకుండా ఉండడానికట. ఏది దేన్ని కాపాడుతుందో చూడాలి.

విల్బర్ట్


న్యూటన్ స్టీవర్ట్
ఏప్రిల్ 18

మామయ్యకి,

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోకండి. బండి చాలా బాగుంది. ముందు ఫోర్కుల నూనె మార్చాను. వెనక భాగం సోఫాలా ఉంది, గుంటల్లో ఎగరెయ్యడం లేదు. రెండు మూడు సార్లు సముద్రం ఒడ్డు దారిలో వెళ్లొచ్చాను. కుంగుడు పక్కింటాయన కొలిచాడు, మీరు చెప్పినట్టే ఉంది. హేజెల్ అత్తయ్యకి కేకు బాగుందని చెప్పండి.

నేను వంట చేసే వృద్ధాశ్రమంలో ఒక పెద్దాయన మెర్విన్ గురించి రోజూ అడుగుతాడు. ముందటేడు క్రిస్మస్‌కి ఒకసారి వచ్చి ఆయన చక్రాల కుర్చీకి నూనె వేశాడు లెండి. "మీ ఆయన ఈ వారం గెలిచాడా?" అంటాడు. మొదట్లో నిజం చెప్పాను. ఆయన ఏడ్చాడు, మర్నాటికి మరిచిపోయి మళ్లీ అడిగాడు. ఇప్పుడు రెండో స్థానం వచ్చిందంటున్నాను. గెలిచాడంటే మరీ ఎక్కువవుతుంది.

పోయిన వారం పొయ్యిలోంచి ట్రే తీస్తుంటే చెయ్యి కాలింది. నాకు తెలియలేదు. మర్నాడు పొద్దున బొబ్బ చూసి తెలుసుకున్నాను. వంటగదిలో పిల్లలు "అంత కాలితే అరవనైనా అరవలేదేంటి అక్కా" అన్నారు. పని ఉంది కదా అన్నాను.

జులైకి వస్తాను.

లోర్నా


బాలిగారన్
మే 2

లోర్నాకి,

నీ ఉత్తరం అందింది. బండి సోఫాలా ఉందన్నావు. సంతోషం.

మీ పక్కింటాయన ఎవరో నాకు తెలియదు. ఎంత బరువుంటాడో కూడా తెలియదు. మావాడంత ఉంటాడేమో. అడిగే హక్కు నాకు లేదు. నీకింకా నలభై రాలేదు, బండి నీది, ఇల్లు నీది, ఎవరిని ఎక్కించుకుంటావో నీ ఇష్టం. ఇక్కడ ఎవరూ వేలెత్తి చూపరు, చూపితే వాళ్ల సంగతి నేను చూసుకుంటాను. అది మాత్రం మనసులో పెట్టుకోకు.

కానీ ఒక్క మాట. జులైలో ఆ బండి మీద నువ్వు వస్తేనే బాగుంటుంది. వేరే ఎవరైనా ఎక్కేలా ఉంటే ముందే ఒక ముక్క రాయి. ఆ రోజు నేను గడప దాటకుండా ఇంట్లోనే కూర్చుంటాను, హెర్బీకి కాళ్లనొప్పులని చెబుతాను.

హేజెల్ ఈ ఉత్తరం చూడలేదు.

విల్బర్ట్


న్యూటన్ స్టీవర్ట్
మే 9

మామయ్యకి,

మీ ఉత్తరం నాకు అర్థం కాలేదు. నా పక్కింటాయన పేరు రాబ్, ఎనభై ఒకటో ఏడు, నడిచేటప్పుడు నాలుగు కాళ్ల చట్రం పట్టుకుంటాడు. ఆయన్ని బండెక్కించుకుని ఊరేగుతున్నాననుకున్నారా? ఏడాది కింద మొగుణ్ణి పూడ్చినదాన్ని ఇలా అడగడానికి మీకు చెయ్యెలా వచ్చింది? వీధిలో వాళ్లు అంటే దులిపేసుకుంటాను. మీరు అంటే దులిపేసుకోలేను. బరువు గురించి ఎందుకు రాశారు? ఎవరి బరువైతే మీకెందుకు?

పై ముక్క రాసి లేచి వెళ్లాను. ఇప్పుడు మళ్లీ కూర్చున్నాను.

నిజం చెబుతాను, ఇక దాచి లాభం లేదు. నేను మీ డబ్బా విప్పలేదు. మార్చిలో వచ్చినప్పటి నుంచి మెట్ల కింద ఉంది, దాని మీద గొడుగులు పెట్టాను. బండి ఇప్పటికీ దూలానికి వేలాడుతోంది. సముద్రం ఒడ్డుకీ వెళ్లలేదు, ఫోర్కుల నూనె కూడా మార్చలేదు. రాబ్ ఏమీ కొలవలేదు. బాగుందని రాస్తే మీరు సంతోషపడతారని రాశాను. సోఫా అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు, రాస్తున్నప్పుడు సోఫా మీద కూర్చుని ఉన్నాను, అంతే.

మీ మీద కోపంతో ఇప్పుడే డబ్బా తెచ్చి తాడు కోశాను. ఇంతకీ ఈయన పంపినది ఏమిటో చూద్దామని.

నీలం స్ప్రింగు ఉంది. కింది చుట్టు మీద మేకుతో గీసిన మె అన్న అక్షరం ఉంది. అది మెర్విన్ గీస్తుంటే నేను పక్కనే ఉన్నాను, స్ప్రింగు పాడుచేస్తావురా అని మీరు తిట్టారు కూడా. మీరు స్ప్రింగు మార్చలేదు.

ఎందుకు అడిగారో ఇప్పుడు తెలిసింది. తొంభై అయిదు కిలోల స్ప్రింగు సోఫాలా ఉందని నేను రాశాను.

మీ మీద కోపం రావాలి. వచ్చింది, తాడు కోసేదాకా ఉంది. ఇప్పుడు లేదు. అబద్ధం మీరు ముందు ఆడారా నేను ముందు ఆడానా అని తేల్చుకునే శక్తి కూడా లేదు.

కేకు పాడవలేదు. హేజెల్ అత్తయ్య అందులో ఎంత బ్రాందీ పోసిందో గానీ రెండు నెలలకీ చెక్కుచెదరలేదు. ఒక ముక్క తిన్నాను.

లోర్నా


బాలిగారన్
మే 16

తల్లీ లోర్నా,

క్షమించు అని రాయడం నాకు రాదు, మీ అత్త ఉన్నప్పుడు ఆ పని ఆవిడే చేసిపెట్టేది. రాసేశాననుకో.

స్ప్రింగు తీద్దామనే షాక్‌ని బిగింపులో పెట్టాను. మర తిప్పి స్ప్రింగుని నొక్కాను. అది కిందికి దిగింది, దాన్ని పట్టి ఉంచే పై గిన్నె వదులైంది, వేలితో తోస్తే ఊడి వచ్చేస్తుంది. ఈ పని కొన్ని వేల సార్లు చేసి ఉంటాను. వేలు పెట్టాను. తొయ్యలేదు. మర వెనక్కి తిప్పేశాను. స్ప్రింగు మళ్లీ పైకి లేచి గిన్నెకి ఆనింది. వాడి సూటు హేజెల్ ఎవరికో ఇచ్చేసింది. బూట్లు నాకు పట్టవు. ఫొటోలో మనిషి ఎంత ఉంటాడో తెలియదు. వాడి బరువు తెలిసినది ఈ స్ప్రింగు ఒక్కదానికే అనిపించింది. స్ప్రింగు మార్చానని నీకు రాసేసి, పెట్టె మూసేశాను. నువ్వు డబ్బా విప్పగానే చూస్తావు, తిడతావు, అప్పుడు ఎలాగూ మార్చక తప్పదు అనుకున్నాను. నువ్వు తిట్టలేదు. సోఫా అన్నావు. నాకు వచ్చిన లెక్క ఒక్కటే, ఆ స్ప్రింగు మెత్తగా ఉందంటే సీటు మీద తొంభై అయిదు కిలోలు ఉన్నట్టే. మిగతాదంతా నా బుర్ర కల్పించుకుంది. రాబ్‌కి నా నమస్కారాలు.

నీ స్ప్రింగు ఇక్కడ బల్ల మీద ఉంది. పోస్టులో పంపను. నేనే ఓడెక్కి వద్దామనుకున్నాను. "ఓడలో మైకు నీకు వినపడదు అన్నయ్యా, నువ్వు నార్వేలో తేలతావు" అని హేజెల్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించింది.

నువ్వు బండి వ్యానులో వేసుకుని ఇక్కడికి తీసుకురావాలంటే ఆ రేవులోంచే రావాలి. ఆ సంగతి నాకు తెలుసు. రమ్మని అనను. రాకపోతే హెర్బీకి నేను చెబుతాను, చుట్టు ఖాళీగా తిరుగుతుంది, ఆకాశం ఏమీ ఊడిపడదు.

విల్బర్ట్


కెయిర్న్‌ర్యాన్ రేవు, వ్యానులో
జూన్ 30

మామయ్యకి,

ఈ ఉత్తరం పోస్టు చెయ్యను, నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను. ఇది మీ చెవిలో అరిచి చెప్పే సంగతి కాదు.

రెండో లైనులో నిలబెట్టారు. నాలుగో లైను ఇక్కడి నుంచి కనపడుతోంది. అందులో గొర్రెల లారీ ఉంది.

ఆ రోజు నేను టీ తేవడానికి వెళ్లాను. మీకు ఇంతవరకే తెలుసు. తిరిగొచ్చేసరికి మెర్విన్ కిటికీకి తల ఆనించి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. ముందు కార్లు కదిలాయి, మా వ్యాను కదల్లేదు. వెనకవాళ్లు హారన్లు కొట్టారు. నేను దిగి వాళ్ల దగ్గరికి వెళ్లి, "కాస్త ఆగలేరా, మా ఆయన లేస్తాడు" అన్నాను. ఆయన నిద్ర పాడవుతుందని వాళ్ల మీద కోపం తెచ్చుకున్నాను. నాకు చివరిసారి కోపం వచ్చింది అప్పుడే. తర్వాత మీ రాబ్ ఉత్తరానికి.

అందరూ బండికేమైనా అయిందా అని అడిగారు. ఏమీ కాలేదు. వెనక తాళ్లతో కట్టి ఉంది, ఒక్క గీత లేదు. ఇవాళ కూడా అలాగే ఉంది, కాకపోతే వెనక షాక్ లేదు కాబట్టి చెక్క దిమ్మ మీద కూర్చోబెట్టాను. టికెట్టు మనిషి తొంగిచూసి "రేసుకా?" అన్నాడు. అవునన్నాను. "జాగ్రత్తమ్మా" అన్నాడు.

లైను కదులుతోంది. వ్యాను స్టార్టు చెయ్యాలి.

లోర్నా


న్యూటన్ స్టీవర్ట్
జులై 11

మామయ్యకి,

నేనూ బండీ క్షేమంగా చేరాం. మూడు రోజులు మీ ఇంట్లో ఉండి నేను మాట్లాడినది తక్కువ, మీరు విన్నది ఇంకా తక్కువ. అందుకే రాస్తున్నాను.

స్ప్రింగు తీసేటప్పుడు మర నన్ను తిప్పమన్నారు, గిన్నె మీరు తోశారు. మంచిపని చేశారు. ఒక్కరికైతే ఇద్దరిలో ఎవరికీ చేతనయ్యేది కాదు. ఆ తర్వాత నేను ఎక్కితే హేజెల్ అత్తయ్య హ్యాండిలు పట్టుకుని "తొందరగా కొలువన్నయ్యా, నా నడుం పడిపోతోంది" అని ఒకటే గోల. మీకు వినపడలేదు కాబట్టి తీరిగ్గా కొలిచారు. బండి నా కింద కుంగింది. దిగి, ఆగింది. మీరు "ముప్పై మిల్లీమీటర్లు" అని అరిచారు, వీధి చివర దాకా వినపడి ఉంటుంది. తర్వాత మీరు లేవలేదు. టేపు పట్టుకుని వెనక చక్రం పక్కన నేల మీద అలాగే కూర్చున్నారు. మీ భుజాలు నాకు కిటికీ అద్దంలో కనపడుతున్నాయి. నేను దిగలేదు, దిగితే మీరు లేవాల్సి వస్తుందని. హేజెల్ అత్తయ్య కూడా నడుం సంగతి మరిచిపోయింది.

చుట్టు సంగతి. జనం కంచెల వెంట నిలబడి టోపీలు తీశారు. నేను దేన్నీ చూడలేదు, నెమ్మదిగానే పోనిచ్చాను. చర్చి మలుపు దాకా ఏమీ లేదు. రోడ్డు కింద నుంచి పోతోంది, నేను పైన ఉన్నాను, అంతే. డెయిరీ దగ్గర ఎత్తు వచ్చింది. వెనక చక్రం కిందికి దిగి మళ్లీ నన్ను పైకి తెచ్చింది. విసిరెయ్యలేదు, ఎత్తింది. ఆ ఎత్తు ఎంతుందో అప్పుడు తెలిసింది. ఇరవై రెండేళ్లు మెర్విన్ ఇక్కడ ఎందుకు నవ్వుకునేవాడో తెలిసింది. అక్కడి నుంచి ముగింపు గీత దాకా హెల్మెట్టులో ఏడ్చాను. అద్దం మసకబారింది, హెర్బీ జెండా కూడా సరిగ్గా కనపడలేదు. దిగాక మీరు "వెనక భాగం ఎలా ఉంది?" అని అడిగారు. బాగుందన్నాను. ఈసారి నిజంగానే.

ఇంటికొచ్చాక మళ్లీ మామూలే. పెద్దాయన అడిగితే మెర్విన్ రెండోగా వచ్చాడని చెప్పాను. కానీ అరచేతులు నొప్పెడుతున్నాయి. హ్యాండిలు ఎంత గట్టిగా పట్టుకున్నానో ఏమో. నొప్పి ఉండడం నయంగానే ఉంది.

లోర్నా


బాలిగారన్
ఆగస్టు 8

తల్లీ,

నీకు ఒక సంగతి చెప్పాలి. చదివాక కోపం వస్తే రాయి, దాచుకోకు.

వాడి నీలం స్ప్రింగు షెడ్డు కిటికీ మీద పెట్టుకున్నాను కదా. రోజూ పొద్దున దాని మీద అరచెయ్యి పెట్టి నొక్కేవాడిని. నా బలానికి అది వెంట్రుకవాసి కూడా దిగేది కాదు. పోయిన మంగళవారం ఐవన్ అని ఒకడు వచ్చాడు. ఎన్నిస్కిల్లెన్ దగ్గర ఆవులు కాసుకునే మనిషి, భారీ శాల్తీ. షాక్ తెచ్చాడు, స్ప్రింగు విరిగింది. నెలాఖరు శనివారం మా ఊళ్లో ఈ ఏటి ఆఖరి రేసు. చీటీలో బరువు తొంభై నాలుగు అని రాశాడు. అంత బరువుకి సరిపోయేది నా దగ్గర లేదు, తెప్పిస్తే రేసుకి అందదు. కిటికీ వైపు వేలు చూపించి "అదీ?" అన్నాడు, పెదాలు చదివాను. అది ఇచ్చేది కాదన్నాను. బతిమాలలేదు, తలాడించి వెళ్లిపోయాడు.

వాడు గేటు దాటుతుంటే స్ప్రింగు వంక చూశాను. దాని మీద దుమ్ము పట్టింది, తేమకి ఒకచోట రంగు లేచింది. మనిషి బరువు మొయ్యడానికి చేసిన వస్తువు, పావురంలా కిటికీలో కూర్చుంది. నేనే అలా కూర్చోబెట్టాను. చీపురు పట్టుకుని పరిగెత్తి గేటు మీద దబదబా బాదాను. ఐవన్ భయపడి ఆగాడు.

నేనే బిగించాను. వాడు స్ప్రింగు తిప్పి చూసి, "ఎవరిదో వాడినట్టుంది" అన్నాడు, కాగితం మీద రాయించుకున్నాను. వాడినదే, నూనెలాగా స్ప్రింగు ముసలిదవదు, నీకంటే ఎక్కువ కాలం ఉంటుంది అన్నాను. కింది చుట్టు మీద గీసిన అక్షరం గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు.

నిన్ను అడిగి ఇవ్వాల్సింది. అడిగితే నువ్వు ఒప్పుకునేదానివో లేదో తెలియదు, నేను మాత్రం ఉత్తరం తిరిగొచ్చేలోపు మనసు మార్చుకునేవాడిని. అందుకే అడగలేదు.

నీ మామయ్య
విల్బర్ట్


న్యూటన్ స్టీవర్ట్
ఆగస్టు 14

మామయ్యా,

కోపం రాలేదు. వస్తుందేమోనని రెండు రోజులు ఆగి రాస్తున్నాను.

నెలాఖరుకి సెలవు పెట్టాను, శుక్రవారం ఓడకి వస్తాను. బండి తేను, చెయ్యి ఊపుకుంటూ వస్తాను. హేజెల్ అత్తయ్యని కేకు చెయ్యమనండి, ఈసారి దారిలో కుదుపులు లేవు కాబట్టి బ్రాందీ తగ్గించినా ఫరవాలేదు.

ఆ ఐవన్ బండి నంబరు ఎంతో రాయండి. మీరూ నేనూ డెయిరీ ఎత్తు దగ్గర కంచె పక్కన నిలబడదాం. మనిషి మొహం చూడను. వెనక చక్రం దగ్గర నీలం స్ప్రింగు దిగి లేవడం చూస్తాను.

లోర్నా